93 మార్కుల దొంగలు

రాజమండ్రి,
ఆదివారం, మధ్యాహ్నం.

ప్రియమైన రాఘవకు,

నీ ఉత్తరం గురువారం అందింది. బడిపిల్లలు దొంగల వేషంలో దుర్మార్గులైన పెద్దల మనసుల్లోకి చొరబడి, అక్కడ కోటగానో మ్యూజియంగానో రూపుకట్టిన వాళ్ల దుర్బుద్ధిని దొంగిలించే జపాన్ వీడియో గేమ్ పెర్సోనా 5ను నలభై గంటలు ఆడి, మ్యూజియం కథ ముగియగానే విసుగు పుట్టి ఆపేశావని రాశావు. లోకమంతా నూటికి 93 మార్కులు వేసిన ఆట నీకు ఎందుకు రుచించలేదని, లోపం దానిలో ఉందా నీలో ఉందా అని అడిగావు. మార్కులు వేసిన వాళ్లు చెప్పింది పెళ్ళిచూపుల నాటి మాట, ఆటగాళ్లు చెప్పేది కాపురం నాటి మాట. రెండూ నిజమే కాని, నువ్వు రెండోదాన్ని వినకుండా మొదటిదాన్ని నమ్ముకొని లోపలికి అడుగుపెట్టావు. నేను దీన్ని రెండుసార్లు పూర్తి చేసినవాణ్ణి, ఇన్నేళ్లుగా దాని మీద ఇతరుల మాటలు చదువుతూ వాదించుకున్నవాణ్ణి. కనుక ఈ ఉత్తరం కొంచెం పెరుగుతుంది, ఓపిక పట్టు. నువ్వు ఆగిన చోటు తర్వాత వచ్చే కథలోని ముడులను మాత్రం విప్పనని హామీ ఇస్తున్నాను.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. దీన్ని తయారుచేసిన అట్లస్ సంస్థ ఈ ఆటను 2013 నవంబరులో ప్రకటించింది. 2014 శీతాకాలానికి తెస్తామన్నది కాస్తా 2015కు, అక్కడి నుంచి 2016కు జరుగుతూ వచ్చి, చివరకు జపాన్‌లో 2016 సెప్టెంబరు 15న, మిగతా ప్రపంచంలో 2017 ఏప్రిల్ 4న విడుదలైంది. జపాన్ పత్రిక ఫామిట్సులో నలుగురు సమీక్షకులు తలా పది మార్కుల లెక్కన వేస్తే మొత్తం 40కి 39 వచ్చాయి. సమీక్షకుల మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో అది 93 దగ్గర నిలిచింది. 2017 చివర ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ రోల్ ప్లేయింగ్ గేమ్ బహుమతి దీనికే దక్కింది. ఆ ఏటి మేటి ఆటల వరుసలోనూ నిలిచింది కాని, ఆ పీఠం జెల్డా అనే మరో ఆటకు పోయింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన అభిమానులు, ఎదురుచూపు ఫలించిందని సంబరపడిన సమీక్షకులు, ఇద్దరూ ఒకే ఊపులో ఉన్న రోజులవి. ఆ ఊపులో వేసిన మార్కులను తప్పుపట్టను, ఎందుకంటే మొదటి ఇరవై గంటలకు నేనైతే 93 కాదు, 98 వేసేవాణ్ణి.

అందరూ 'స్టైల్' అన్న ఒక్క మాటతో తేల్చేసిన విషయం గురించి నాకు కొంచెం నిలబడి మాట్లాడాలని ఉంది. ఎరుపు, నలుపు, తెలుపు రంగులే ఎక్కువగా నిండిన ఆ మెనూలు, వార్తాపత్రికల్లోంచి అక్షరాలు కత్తిరించి అంటించిన బెదిరింపు ఉత్తరంలా కనిపించే ఆ రాత, ప్రతి పేటీ ఒక పక్కకు ఒరిగి ఉండటం, ఇవన్నీ పైపూత అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. యుద్ధంలో నీ వంతు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకో. పాత ఆటల్లో జాబితాలో కిందికి దిగుతూ, పైకి ఎక్కుతూ ఆజ్ఞను వెతుక్కోవాలి. ఇక్కడ ఆజ్ఞలన్నీ నాయకుడి చుట్టూ విసనకర్రలా విచ్చుకొని, ఒక్కొక్కటి కంట్రోలర్ మీద ఒక్కో మీటకు అంటుకొని ఉంటాయి. వేలు నొక్కడం, పని జరగడం రెండూ ఒకే క్షణంలో అవుతాయి. అంకెలూ జాబితాలూ నిండిన ఒక నిదానమైన ఆటకు ఆ ఏర్పాటు చేతిలో కత్తి ఉన్నంత చురుకుదనాన్ని తెచ్చింది. శత్రువు బలహీనతను కనిపెట్టి కొడితే వాడు చతికిలబడి మనకు మరో వంతు దొరుకుతుంది, అందరూ పడిపోతే మూకుమ్మడిగా మీదపడవచ్చు, అది ముగిశాక తెర అంతా ఒక పోస్టరుగా మారిపోతుంది. వందోసారి చూసినా ఆ పోస్టరు నాకు విసుగు పుట్టించలేదు. యుద్ధం గెలిచాక వచ్చే లెక్కల పట్టీ ఏ ఆటలోనైనా గుమాస్తా పనిలాగే ఉంటుంది కదా, ఇక్కడ మాత్రం మన దొంగ ఆ లెక్కల మధ్య నుంచే దర్జాగా నడుచుకుంటూ తర్వాతి గదికి వెళ్లిపోతాడు.

ఈ సంప్రదాయం ఉన్నట్టుండి పుట్టింది కాదు. 2006లో వచ్చిన మూడో పెర్సోనాకు నీలం, 2008లో వచ్చిన నాలుగోదానికి పసుపు, దీనికి ఎరుపు. షిగెనోరి సోయెజిమా బొమ్మలు, షోజీ మెగురో సంగీతం, లిన్ ఇనాయిజుమి గొంతు కలిసి ఈ మూడోరంగుకు ఒక సాయంకాలపు జాజ్ వాసనను తెచ్చాయి. వాన పడుతున్న రాత్రి యోంగెన్‌జాయా సందులోని లెబ్లాన్ కాఫీ కొట్టులో కథానాయకుడు కూర్చొని చదువుకునే దృశ్యం ఎన్నిసార్లు వచ్చినా ఆ పాటను దాటవేయలేకపోయానని చెప్పే ఆటగాళ్లు లెక్కలేనంతమంది. ఆ పేట టోక్యోలోని సాంగెన్‌జాయా అనే నిజమైన పేటకు మారుపేరు. అన్నట్టు, దర్శకుడు కత్సురా హషినో మొదట ప్రపంచయాత్ర చేసే కుర్రవాళ్ల కథ అనుకున్నాడట. 2011 మార్చిలో జపాన్‌ను కుదిపేసిన భూకంపం తర్వాత తన దేశం వైపు చూడాలనిపించి, కథను టోక్యోలోనే నిలిపేశాడు. కథ షిబుయా రద్దీలో, రైలు మార్పిడి స్టేషన్లలో, పక్కవాడి ఫోన్‌లోకి తొంగిచూసే జనంలో ఇంతగా పాతుకుపోవడానికి ఆ నిర్ణయమే మూలమని నా అభిప్రాయం.

ఇక మొదటి కోట సంగతి. సమీక్షకులు ముక్తకంఠంతో మెచ్చుకొన్న భాగం అదే, నా దృష్టిలోనూ ఆట మొత్తంలో శిఖరం అదే. కమోషిదా ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, ఒలింపిక్ పతకం తెచ్చినవాడు, వాలీబాల్ జట్టుకు శిక్షకుడు. పిల్లలను కొడతాడు, ఆడపిల్లలను వేధిస్తాడు. ప్రధానోపాధ్యాయుడికి తెలుసు, తల్లిదండ్రులకు తెలుసు, తోటి ఉపాధ్యాయులకు తెలుసు, పతకం వల్ల బడికి వచ్చే పేరు పోతుందని అందరూ నోరు మూసుకుంటారు. షిహో అనే అమ్మాయి బడి మేడమీద నుంచి దూకిన రోజున ఆట ఒక్కసారిగా ఆటలాగా లేకుండా పోతుంది. అది చూసి నేను కంట్రోలర్ పక్కన పెట్టి, లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. మన దగ్గర కూడా మార్కుల కోసమో పేరు కోసమో ఏదీ కనబడనట్టు నటించే బడులను చూసినవాళ్లం కనుక, ఆ మౌనం మనకు అనువాదం అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఆటగాళ్ల మొదటి ఫిర్యాదు సరిగ్గా ఇక్కడే పుట్టింది, అందుకే దానిలోని చేదును నేను తేలికగా కొట్టిపారేయలేను. ఆడపిల్లను వస్తువుగా చూసిన కమోషిదాను శిక్షించిన మరుక్షణం నుంచి, ఆట తానే దొంగల జట్టులోని అమ్మాయి ఆన్ తకమాకిని వస్తువుగా చూడటం మొదలుపెడుతుంది. బిగుతైన ఎర్ర తోలు దుస్తులు ఆమె ఎంచుకొన్నవి కావు, ఆమెకే మొదట అవి ఇబ్బందిగా ఉన్నాయి, కెమెరా మాత్రం వదలదు. తర్వాతి కథలో నగ్నచిత్రానికి మోడల్‌గా రమ్మని చిత్రకారుడు యూసుకె అడిగితే, తలుపు తెరిపించడానికి దారి అదేనంటూ స్నేహితులే ఆమెను ముందుకు తోసి, ఆ మొత్తాన్ని హాస్యంగా నడిపిస్తారు. నువ్వు విసుగు పుట్టి ఆపేసింది ఈ మ్యూజియం కథ ముగిశాకే కదా, ఆ విసుగులో ఈ హాస్యానికి ఎంత వాటా ఉందో నీకు నువ్వే వేసుకో లెక్క. పదహారు పదిహేడేళ్ల కుర్రవాడికి ప్రేమ దారిగా తన తరగతి ఉపాధ్యాయురాలినే చూపడం మరో వైరుధ్యం. మొదటి అధ్యాయంలో ఏది నేరమో అంత గట్టిగా చెప్పిన రచయితలకు అది కనిపించకపోవడం వింత. ఇద్దరు పురుషులను నవ్వులాటగా చూపిన కొన్ని సన్నివేశాల మీద కూడా నిరసన వచ్చింది, 2020లో పాశ్చాత్య దేశాలకు వచ్చిన, రాయల్ అనే పెంచి దిద్దిన ప్రతిలో వాటి సంభాషణలను మార్చారు. ఆన్ విషయంలో మాత్రం అలాంటి దిద్దుబాటు జరగలేదు. ఆడపిల్లను కథానాయికగా ఎంచుకొనే వీలు మూడో పెర్సోనా పోర్టబుల్ ప్రతిలో 2009లోనే ఉండగా, ఇందులో లేదేమని అడిగే ఆటగాళ్లకు ఇప్పటికీ జవాబు లేదు.

రెండో ఫిర్యాదు నిడివి. నూరు గంటల ఆట అని అందరూ చెబుతారు, కాని నూరు గంటలంటే ఏమిటో ఉద్యోగం చేస్తూ, రాత్రి పదిన్నర తర్వాత టీవీ ఖాళీ అయ్యాక ఆడేవాడికి తెలుస్తుంది. వారానికి ఆరు గంటలు ఆడితే నాలుగు నెలలు! సమీక్షకులు కూడా సాగదీత ఉందని రాశారు, కాని దానికి మార్కులు తగ్గించలేదు. గడువు తరుముకొస్తుంటే రోజుకు పది గంటల చొప్పున ఆడేవాడికి కథ ఎక్కడా చల్లారదు. నాలుగు నెలలు ఆడేవాడికి మాత్రం ఒకే విషయాన్ని పాత్రలు ముందు కోటలో, తర్వాత కాఫీ కొట్టులో, ఆపైన ఫోన్ సందేశాల్లో మూడుసార్లు చెప్పుకోవడం పంటికింద రాయిలా తగులుతుంది. మెమెంటోస్ అనే ఆ భూగర్భ రైలు దారులు అచ్చం ఒకేలా ఉండి, ఎక్కడికి వెళ్తున్నామో తెలియకుండా మళ్లించి మళ్లించి తిప్పుతాయి. ఇక మోర్గానా! అలసిపోయావు, పడుకో అని ఆ పిల్లి రాత్రికి రాత్రి నిన్ను మంచమెక్కించడం మీద ఇంటర్నెట్‌లో ఎన్ని జోకులు పుట్టాయో చెప్పలేను. లోకాన్ని ఎదిరించమని బోధించే ఆట, సాయంత్రం దాటాక గడప దాటనివ్వదు. తిరుగుబాటు చేయడానికి కూడా పిల్లి అనుమతి కావాలి. నేను దీనిని కేవలం చిరాకుగా తీసుకోలేదు. ఆట లోడ్ అవుతున్నప్పుడు నీడల్లా నడిచిపోయే జనం మీద 'నిదానంగా కానివ్వు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు కనిపిస్తాయి కదా, ఆ మాటల వెనకే క్యాలెండరు గడువుతో తరుముతూ ఉంటుంది. ఆ రెంటి మధ్య ఇరుక్కున్న టీనేజి కుర్రవాడి బతుకు అంతేనని ఒకసారి అనిపించింది. అదే ఆలోచన ఎనభయ్యో గంటలో మాత్రం నాకు తోడు రాలేదు, పిల్లి మీద కోపమే వచ్చింది.

భాష సంగతి చెబితే నువ్వు నవ్వుతావు. ఇంగ్లీషు ప్రతిలో అనువాదం కర్రల్లా బిగుసుకుపోయిందని, ఇంగ్లీషు మాతృభాషగా గల ఆటగాళ్లు విడుదలైన కొత్తలోనే పెద్ద గోల చేశారు. జపాన్ వాక్యం ఎముకలు ఇంగ్లీషు చర్మం కింద కనిపిస్తున్నాయని వాళ్ల బాధ. నిజం చెప్పాలంటే మొదటిసారి ఆడినప్పుడు నాకు ఆ లోపం తెలియనే లేదు. మనం బడిలో నేర్చుకొన్న ఇంగ్లీషు కూడా కొంచెం బిగుసుకుపోయినదే కనుక, వాళ్లు అలాగే మాట్లాడతారు కాబోలనుకొని సాగిపోయాను. ఆ విమర్శలు చదివాక తిరిగి చూస్తే, హిందీ సీరియల్‌ను తెలుగులోకి డబ్బింగ్ చేసినప్పుడు పాత్రలు ఎవరూ ఇంట్లో మాట్లాడని తెలుగు మాట్లాడినట్టు అనిపించింది. దానికి బదులుగా మరో లాభం మనకు దక్కింది. పేర్ల వెనక -సాన్, -కున్, -చాన్, పై తరగతి వాళ్లను పిలిచే సెన్‌పాయ్ వంటి పిలుపులను ఇంగ్లీషులో అలాగే ఉంచారు. అమెరికా పాఠకుడికి అవి అలంకారంగా కనిపిస్తాయేమో, 'గారు', 'అన్న', 'అక్క' లేకుండా నోరు తెరవలేని మనకు మాత్రం ఎవరు ఎవరికి ఎంత దూరమో ఒక్క పిలుపుతోనే తెలిసిపోతుంది. 

విడుదలైన వారంలో జరిగిన ఒక గొడవ కూడా చెప్పాలి, ఎందుకంటే ఆటగాళ్లు ఆటను కాక ఆట వెనకున్న సంస్థను తిట్టిన సందర్భం అది. కథ రహస్యాలు బయటపడకూడదని అట్లస్ ఆటలోని క్యాలెండరులో జూలై 7 తర్వాతి భాగాన్ని ఆడుతూ ఎవరూ ఇంటర్నెట్‌లో ప్రసారం చేయరాదని, చేస్తే ఛానళ్ల మీద చర్యలు తప్పవని ప్రకటించింది. ఆటను రికార్డు చేసి పంచుకొనే ప్లేస్టేషన్ 4లోని షేర్ మీట కూడా ఈ ఆటలో పనిచేయకుండా ఆపేశారు. దబాయించే పెద్దలను ఎదిరించండి అని చెప్పే ఆటను అమ్ముతూ ఇదేం దబాయింపని ఆటగాళ్లు ఎద్దేవా చేశారు. ఆ నెలాఖరులో సంస్థ క్షమాపణ చెప్పి, హద్దును నవంబరు 19 దాకా జరిపింది. ఎద్దేవా చేసిన వాళ్ల పక్షమే నాది, అయినా రహస్యాలు తెలియకుండా ఆడటం వల్ల నాకు దొరికిన ఆనందాన్ని తలచుకుంటే, సంస్థ భయంలో కొంత న్యాయం కూడా కనిపిస్తుంది.

ఈ ఫిర్యాదుల్లో కొన్నింటికి జవాబుగానే అన్నట్టు జపాన్‌లో 2019 అక్టోబరు 31న, బయట 2020 మార్చి 31న రాయల్ ప్రతి వచ్చింది. దీనికి మెటాక్రిటిక్‌లో 95. తుపాకీ గుళ్లు ప్రతి పోరుకూ మళ్లీ నిండుతాయి, కొక్కెం తాడు విసిరి గోడలెక్కవచ్చు, కిచిజోజి పేట కొత్తగా తెరుచుకుంటుంది, మెమెంటోస్‌లో జోసే అనే వింత కుర్రవాడు దారి పొడవునా ఏరుకోవడానికి పనులు పెడతాడు. అన్నింటికన్నా మించి, జనవరిలో మొదలయ్యే మూడో సెమిస్టరు. తకుతో మరుకి అనే మనోవైద్య సలహాదారుడు అందులో కీలకం. మిగతా దుర్మార్గుల్లాగా ఇతణ్ణి ద్వేషించలేక నేను పడిన అవస్థ వేరు. ఈ భాగంలో ఆట మొదటిసారి తనకు తానే ఎదురుప్రశ్న వేసుకుంది. మొదటి కోట తర్వాత ఆట మళ్లీ అంత ఎత్తుకు ఎక్కింది ఇక్కడే. మధ్యలో ఉన్న లోయ మాత్రం రాయల్‌లోనూ పూడలేదు. అంతకన్నా విడ్డూరం, ఆ ఎత్తుకు చేరే దారిని ఆట నీకు చెప్పదు. ఆటలోని క్యాలెండరులో నవంబరు 18 లోపు మరుకితో స్నేహాన్ని తొమ్మిదో మెట్టుకు చేర్చకపోతే ఆ మొత్తం భాగం కనబడకుండానే కథ ముగుస్తుంది. తెలియక నూరు గంటలూ ఆడి దాన్ని పోగొట్టుకున్న వాళ్ల ఏడుపు నేను చదివాను.

రాయల్ కొత్తగా తెచ్చిన తిట్లు కూడా ఉన్నాయి. బర్గర్ల వ్యాపారి ఒకుమురాతో జరిగే పోరును మార్చేశారు. పనివాళ్లను యంత్రాల్లాగా చూసేవాడి దగ్గరకు వెళ్తే, నిజంగానే రోబోలను గుంపులు గుంపులుగా మీదికి పంపుతాడు. రెండు వంతుల్లో గుంపు మొత్తాన్ని కూల్చకపోతే వాటిని వెనక్కి పిలిచి కొత్తవాటిని నిండు ప్రాణంతో దింపుతాడు, పైగా మొత్తానికి అరగంట గడువు. అధిక పనిభారంతో మనుషులు చనిపోవడం మీద జపాన్ ప్రభుత్వం తన మొదటి శ్వేతపత్రాన్ని వెలువరించింది 2016 అక్టోబరులో, అంటే ఆట వచ్చిన నెలకే. అంత వేడి విషయాన్ని పట్టుకొని కూడా ఆ అధ్యాయాన్ని హడావుడిగా ముగించారని ఆటగాళ్ల ఫిర్యాదు, నేనూ అందులో గొంతు కలిపినవాణ్ణే. మా అక్క కొడుకు వేసవి సెలవులకు వచ్చి ఆ పోరులో ఏడుసార్లు ఓడిపోయాడు. "మామయ్యా, వీళ్లకు 95 ఎవరు వేశారో ఒకసారి ఇక్కడ కూర్చోబెట్టు" అన్నాడు. ఎనిమిదోసారి గెలిచి, వాడే ఆ పోస్టరును ఫోన్‌లో ఫోటో తీసి స్నేహితులకు పంపుకున్నాడు.

నీ ప్రశ్నకు ఇప్పుడు సూటిగా జవాబు రాస్తాను. నీలో లోపం లేదు. నువ్వు ఆపిన చోటు ఆట చల్లబడటం మొదలైన చోటే, దాని తర్వాత వచ్చే బ్యాంకు కథ ఇంకా సాధారణం. కాని ఆ తర్వాత ఒక పిరమిడ్ ఉంది, గది దాటి బయటికి రాని ఒక అమ్మాయి ఉంది, ఆ అమ్మాయి కోసమైనా నువ్వు అక్కడిదాకా వెళ్లాలని నా కోరిక. నీ దగ్గరున్నది పాత ప్రతి కనుక, అదే మళ్లీ తెరవకు. రాయల్ 2022 అక్టోబరు 21 నుంచి పీసీకీ, స్విచ్‌కూ, ఎక్స్‌బాక్స్‌కూ దొరుకుతోంది, తగ్గింపు ధర పెట్టినప్పుడు నీ ల్యాప్‌టాప్‌లోకే తీసుకో. సులభమైన స్థాయిలో మొదలుపెట్టు, ఎవరూ మార్కులు తగ్గించరు. తకేమి డాక్టరమ్మ దగ్గర శక్తిని నింపే పట్టీని వీలైనంత త్వరగా కొనుక్కో, అది లేక కోటల్లో మధ్యలోనే వెనుదిరిగిన రోజులు నాకు చాలా ఉన్నాయి. వారంలో రెండు రాత్రులకు మించి ఆడకు. తెలిసిన సంభాషణలను మీట నొక్కి దాటేయ్, సిగ్గుపడకు.

మీ ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు. దసరాకు నువ్వు ఊరికి వచ్చేసరికి పిరమిడ్ దాటి ఉంటే, గోదావరి గట్టు మీద కూర్చొని మరుకి సంగతి మాట్లాడుకుందాం. నవంబరు 18, మరుకి, తొమ్మిదో మెట్టు. ఈ ముక్క ఒక కాగితం మీద రాసి ల్యాప్‌టాప్‌కు అంటించుకో.

ఇట్లు,
నీ శ్రీను